నాలుగేళ్ల వాడకం తర్వాత మా షెడ్డులోని రేకు సైక్లోన్

విశాఖపట్నం మర్రిపాలెంలోని మా వడ్రంగి షెడ్డులో, నేను దగ్గరుండి చేయించుకున్న రేకు సైక్లోన్ (గాలిని సుడి తిప్పి రంపపు పొట్టును వేరుచేసే గరాటు లాంటి పరికరం) నాలుగేళ్లుగా పనిచేస్తోంది. రోజుకు నాలుగైదు గంటలు టేబుల్ రంపం, చెక్కను చదును చేసే ప్లేనర్. వారంలో రెండు రోజులు ఎం.డి.ఎఫ్. పలకల (కలప పీచును జిగురుతో నొక్కి చేసినవి) మీద గాడులు చెక్కే రూటర్. దాని మీద పడే భారం ఇది. మొదటి ఐదు నెలల్లోనే ఈ సమీక్ష రాసి ఉంటే, ఎవరూ ఈ జోలికి పోవద్దని రాసేవాణ్ని.

అంతకుముందు ఒక హార్స్‌పవర్ బ్లోయరు, దానికి తగిలించిన గుడ్డ సంచి ఉండేవి. పొట్టు ఫ్యాను రెక్కల మీదుగా నేరుగా సంచిలోకి పోయేది. గుడ్డ పూడుకుపోయి రెండు రోజులకే లాగుడు తగ్గేది. సంచి దులిపిన రోజు రాత్రంతా దగ్గే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను కూల్చిన నిద్రగన్నేరు దుంగలు మా దగ్గర చాలాకాలం ఆరాయి. వాటిని కోసినప్పుడు లేచిన పొడి మిరియాల పొడిలా ముక్కును మండించింది. కలప పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చిందని తెలిశాక ఇక వాయిదా వేయలేకపోయాను.

కొలతలకు, ఇలాంటి సైక్లోన్ల కోసం స్టెయిర్మండ్ అనే ఇంజినీరు 1951లో ప్రకటించిన నిష్పత్తులు తీసుకున్నాను. పైభాగపు స్తూపం వ్యాసం 30 సెంటీమీటర్లు అనుకుంటే మిగిలినవన్నీ దాన్నిబట్టి వస్తాయి. గాలి వచ్చే నోరు 15 ఎత్తు, 6 వెడల్పు. పైకి పోయే గొట్టం వ్యాసం 15. స్తూపం పొడవు 45, దాని కింద గరాటు 75, గరాటు అడుగున రంధ్రం 11కు కాస్త ఎక్కువ. గాలి గోడను రాసుకుంటూ పక్కనుంచి దూరి సుడి తిరుగుతుంది. బరువైన పొట్టు గోడకు ఒత్తుకొని, జారి డ్రమ్ములో పడుతుంది. గాలి నడుమనుంచి పైకి లేచి బ్లోయరుకు, అక్కడినుంచి సంచిలోకి పోతుంది. పై గొట్టం లోపలికి కనీసం ఆ నోటి అడుగు వరకైనా దిగి ఉండాలి. లేకపోతే వచ్చిన పొట్టు తిరగకుండానే పైకి దూరిపోతుంది.

ఇవన్నీ పాటించినా మొదట్లో సంచి ఎప్పటిలాగే నిండింది. గరాటు వాలు తప్పిందేమోనని రెండుసార్లు విప్పించాను, నోరు సన్నం చేయించాను. చివరికి ఆ రేకు పని చేసిన పెద్దాయన వచ్చి, డ్రమ్ము మూత చుట్టూ చెయ్యి తిప్పి, "బాబూ, గాలి ఇక్కడ దూరుతోంది చూడు" అన్నారు. షెడ్డంతా ఊడ్చి శుభ్రం చేశాక అగరుబత్తి వెలిగించి మూత దగ్గర పెట్టాం. పొగ దారం లాగినట్టు లోపలికి పోయింది. బ్లోయరు పైనుంచి లాగుతున్నప్పుడు డ్రమ్ములో సన్నని సందున్నా చాలు, బయటి గాలి అక్కడ దూరి, పడిన పొట్టునే మళ్లీ నడి సుడిలోకి ఎత్తేస్తుంది. మూతకు మెత్తని రబ్బరు పట్టీ, బిగించే క్లాంపులు నాలుగు, గరాటు అతుకులకు సిలికాన్ పెట్టాం. ఆ మర్నాటి నుంచి సంచి మూడు వారాలకోసారి దులిపితే సరిపోతోంది. ఐదు నెలలు కొలతలను అనుమానించాను. మూత వంక ఒక్కసారైనా చూడలేదు.

డ్రమ్ము పూర్తిగా నిండినా ఇదే జరుగుతుంది. అందుకే దాని పక్కన నిలువుగా కోసి పారదర్శకమైన అక్రిలిక్ పట్టీ బిగించాను. పొట్టు మూడు వంతులకు చేరగానే ఖాళీ చేస్తాను. వానాకాలంలో పచ్చి మామిడి చెక్క కోస్తే పొట్టు గరాటు చివర ముద్దకట్టి దారి మూసేస్తుంది. రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేస్తే జారుతుంది, కానీ మరచిపోతే ఆ రోజు పొట్టంతా సంచికే. పీవీసీ గొట్టాలు చలికాలంలో చిటుక్కుమని షాక్ కొట్టేవి. గొట్టం వెంట రాగి తీగ చుట్టి ఎర్త్ చేశాక ఆ ఇబ్బంది తీరింది.

ఉప్పుగాలి మాత్రం దీన్ని వదల్లేదు. జింకు పూత ఉన్న రేకే అయినా, రివెట్లు కొట్టిన చోట పూత చెదిరి మూడో ఏడాదికి తుప్పు మొదలైంది. జింకు పూతకు పట్టే ప్రైమరు, పైన రంగు మొదటిరోజే వేసి ఉండాల్సింది.

ఎం.డి.ఎఫ్. పని ఉన్నవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నని ధూళిని ఇది పూర్తిగా పట్టదు. అది గాలితోపాటే సంచిదాకా వెళ్లి, గుడ్డలోంచి మళ్లీ షెడ్డులోకి వస్తుంది. కాబట్టి బ్లోయరు గాలిని గోడ అవతలికి వదిలాను, రూటర్ దగ్గర ఎన్95 మాస్కు తీయను. మా కుర్రవాళ్లనూ తీయనివ్వను.

బ్లోయరు పాతదే కాబట్టి రేకు, డ్రమ్ము, కూలి కలిపి నాకు ఆరు వేల రూపాయల్లోపే అయింది. తుప్పు పట్టిన గరాటును ఈ సంక్రాంతి తర్వాత మార్చాలి. అవే కొలతలతో, ఈసారి స్టెయిన్‌లెస్ రేకుతో చేసిపెట్టమని ఆ పెద్దాయనకే చెప్పాను.