బడి ముగిశాక ఏది మేలు: కాలేజీయా, పని నేర్చుకుంటూ చదువా, నేరుగా ఉద్యోగమా?

ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. ఒకే బల్ల మీద కూర్చున్న ముగ్గురు పిల్లలు పదేళ్లు తిరిగేసరికి మూడు చోట్ల తేలతారు. మార్కులు చూసి వాళ్ల గురించి నేను కట్టిన అంచనాలు చాలావరకు తప్పాయి. అందుకే తల్లిదండ్రులు వచ్చి "మా వాణ్ణి ఎందులో చేర్చమంటారు మాస్టారూ?" అని అడిగితే ఇప్పుడు జీతాల ఊసెత్తను. వెళ్లిన దారి నచ్చకపోతే మరో దారికి మళ్లే వీలుందా అన్నది ముందు చూడమంటాను.

కొన్ని పనులకు కాలేజీ తప్ప వేరే గడప లేదు. వైద్యం, న్యాయవాద వృత్తి, పరిశోధన అలాంటివే. వాటి మీద నిజంగా మనసుపడ్డ పిల్లలు బడి నుంచి నేరుగా కాలేజీకి వెళ్లడమే మంచిది. సంపాదన మొదలై, ఇంటి బాధ్యతలు మీద పడ్డాక అన్నేళ్లు కూర్చుని చదవడం చాలామందికి సాధ్యపడదు. ఇబ్బందల్లా తోటివాళ్లు చేరుతున్నారని చేరిన పిల్లలతోనే. చురుకైన ఒక అమ్మాయి నాకు బాగా గుర్తుంది. ఇంట్లోవాళ్లు ఎంచిన కోర్సులో చేరి, రెండో ఏడాది మధ్యలో మానేసింది. తర్వాత కలిసినప్పుడు, "మానేయడం కష్టం కాలేదు మాస్టారూ, మానేశానని నలుగురికీ చెప్పుకోవడమే కష్టమైంది" అంది. ఆ సంకోచంతోనే ఏడాదిన్నర ఇంట్లో గడిచిపోయిందట. కట్టిన ఫీజు కంటే ఆ ఏడాదిన్నరే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పని నేర్చుకుంటూ చదివే దారిని చదువు అబ్బనివాళ్లకని పక్కన పెట్టేస్తుంటారు. నా క్లాసులో దశాంశ స్థానాలంటే బెదిరిపోయే ఒక కుర్రాడు లేత్ మెషిన్ల షెడ్డులో అప్రెంటిస్‌గా చేరాడు. కొన్నేళ్లకు నేను చూడటానికి వెళ్లినప్పుడు, అప్పుడే చెక్కిన ఇనుప కడ్డీని, మందం కొలిచే మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి, దాని చివరి మరను వేలికొసలతో టిక్కుమనేదాకా తిప్పాడు. "ఇరవై అయిదు పాయింటు సున్నా మూడు. ఇంకో మూడు నూరో వంతులు తీయాలి మాస్టారూ" అన్నాడు. మిల్లీమీటరులో నూరో వంతు! బోర్డు మీద నేను చెప్పలేకపోయింది అతని వేళ్లకు ఇనుము నేర్పింది.

జర్మనీ ఈ దారిని 1969లోనే చట్టంలో పెట్టింది. అప్రెంటిస్‌లు కొంతకాలం కంపెనీలో, కొంతకాలం వృత్తి పాఠశాలలో నేర్చుకుంటారు. సాధారణంగా రెండు నుంచి మూడున్నర ఏళ్లు సాగే ఆ శిక్షణలో భత్యం అందుతుంది, చివర పరీక్ష ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో తప్పనిసరి చదువు పూర్తయ్యాక దాదాపు మూడింట రెండు వంతుల మంది వృత్తి శిక్షణలోకే వెళ్తారు. అక్కడ నన్ను ఆకట్టుకున్నది ఆ సంఖ్య కాదు, 1990లలో వాళ్లు తెచ్చిన వృత్తి మెచ్యూరిటీ పరీక్ష. అది పాసైతే వడ్రంగం నేర్చినవారైనా అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. లోపం లేదని కాదు. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అయిపోగానే పిల్లలను వేర్వేరు రకాల బడులకు పంపుతారు. పదేళ్ల పిల్లల మధ్య అలా గీత గీయడం నాకు మింగుడుపడదు.

దారికీ దారికీ మధ్య వంతెన లేని రోజుల్లో ఎలా ఉండేదో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే జీవితంలో కనిపిస్తుంది. 1805లో, పద్నాలుగేళ్ల వయసులో, లండన్‌లో పుస్తకాలు బైండు చేసే దుకాణంలో ఏడేళ్ల ఒప్పందం మీద చేరాడు. బైండుకు వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. 1812లో దుకాణానికి వచ్చే ఒకాయన ఇచ్చిన టికెట్లతో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. రాసుకున్న నోట్సును తానే బైండు చేసి డేవీకి పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైన్సు సంస్థలో సహాయకుడయ్యాడు, 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను, అంటే అయస్కాంతాన్ని కదిలించి కరెంటు పుట్టించవచ్చని, కనుగొన్నాడు. దీన్ని పట్టుదలకు ఉదాహరణగా చెబుతుంటారు. నాకు మాత్రం ఆ టికెట్లే కళ్ల ముందు మెదులుతాయి. ఆయన ఇవ్వకపోయి ఉంటే?

బడి వదలగానే ఉద్యోగమంటే, ఇల్లు గడవని పిల్లలకు అందులో ఎంచుకునేదేమీ ఉండదు. వాళ్లను తక్కువ చేసి మాట్లాడితే నేను ఊరుకోను. కానీ మొదట్లో తోటివారి కంటే ఎక్కువ సంపాదించినవాళ్లు ఆరో ఏటికి అక్కడే ఆగిపోవడం చూశాను. పని చేతికి వస్తుంది, వచ్చిందని చెప్పే కాగితం ఉండదు. అమెరికాలో వివియన్ థామస్ కాలేజీ ఆలోచనను వాయిదా వేసి 1930లో ఒక వైద్య ప్రయోగశాలలో పనికి చేరాడు. 1930లో ఒక వైద్య ప్రయోగశాలలో పనికి చేరాడు. 1944లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, గుండె లోపంతో నీలంగా మారిన పసిపాపకు శస్త్రచికిత్స జరిగినప్పుడు, సర్జన్ వెనుక నిలబడి ఎలా చేయాలో చెబుతూ వచ్చింది అతనే. ఆ పద్ధతిని ప్రయోగశాలలో సానబెట్టిందీ అతనే. గౌరవ డాక్టరేటు వచ్చేసరికి 1976 అయింది. నల్లజాతీయుడు కావడం అందుకు పెద్ద కారణం, చేతిలో డిగ్రీ లేకపోవడం మరో కారణం.

నా తూకం ఇది. ఏం కావాలో స్పష్టంగా తెలిసి, దానికి డిగ్రీ తప్పనిసరి అయితే కాలేజీ. ఇంకా తేలని పిల్లలకు, అంటే నేను చూసినవాళ్లలో ఎక్కువమందికి, పనితో పాటు చదువు మేలు. కాకపోతే చేరేముందు, శిక్షణ అయ్యాక పై చదువుకు ఏ పరీక్ష రాయాలో అడిగి రాయించుకోవాలి. జవాబు రాకపోతే చేర్చవద్దు. ఉద్యోగంలో చేరక తప్పనివారు దూరవిద్యను వదలకూడదు. బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం 1971లో మొదటి విద్యార్థులను చేర్చుకున్నప్పుడు, అంతకుముందు ఏం చదివారని అడ్డుపెట్టలేదు. తర్వాత చాలా దేశాలు అదే బాట పట్టాయి.

గోదాములో పనిచేసే నా పాత విద్యార్థి ఒకడు అలాగే డిగ్రీ చదువుతున్నాడు. షిఫ్టు ముగిశాక ఫోను చేసి లెక్కలు అడుగుతుంటాడు. కిందటి వారం సంభావ్యత దగ్గర ఆగిపోయాడు. ఆదివారం పుస్తకం పట్టుకుని రమ్మన్నాను.