ఫిషింగ్ హార్బర్ నుంచి చవక గ్రూప్ బోటు టూర్: ఎక్కేముందు ఇవి అడగండి

వైజాగ్‌ని సముద్రంలోంచి చూడాలంటే తక్కువ డబ్బులో దొరికేది ఈ గ్రూప్ బోటే. బోటు మొత్తం మాట్లాడుకుంటే వేలల్లో అడుగుతారు, ఇందులో మనిషికి ఐదొందల లోపే. హైదరాబాద్ నుంచి పిన్ని, పిల్లలు వస్తే వాళ్ళతో కలిసి వెళ్ళాను. చూసినదానికి ఆ డబ్బు చాలా తక్కువ. కానీ బోటు నడిపించే కంపెనీ తీరు మీద నాకు గట్టి కోపమే ఉంది.

పొద్దున్నే వచ్చేయమని చెప్పి, బోటు నిండేదాకా కదల్చలేదు. అంతసేపూ జెట్టీ మీద ఎండలో నిలబడాలి. హార్బర్ అన్నాక చేపల వాసన ఉంటుంది, దాన్ని నేను తప్పు పట్టను. బాత్రూం ఎక్కడని అడిగితే మాత్రం ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు, బోటులో ఎలాగూ లేదు, పిన్నికేమో షుగర్. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఆ పని దారిలోనే చూసుకుని రండి. ఎక్కడం కూడా అంత తేలిక కాదు, ఆటు సమయంలో నీళ్ళు దిగిపోయి బోటు జెట్టీ కంటే బాగా కిందకి ఉంటుంది, పక్కన వేలాడదీసిన పాత టైరు మీద కాలు పెట్టి దిగాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇది ఆలోచించుకోవాలి.

అసలు గొడవ లైఫ్ జాకెట్ల దగ్గర. ఓ మూల కుప్ప పోసి తీసుకోండి అన్నారు, అంతే. నాకు దొరికినదాని బకిల్ విరిగిపోతే ఆ చోట నైలాన్ తాడు ముడేశారు. మా చిన్నాడికి పెద్దవాళ్ళ జాకెట్ తొడిగితే చెవుల దాకా వచ్చింది, అలాంటిది వేసుకుని నీళ్ళలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందకి జారిపోతాడు. గొంతు పెంచి అడిగితే పక్క బోటులోంచి చిన్న సైజుది తెచ్చిచ్చారు, అంటే ఉన్నాయన్నమాట, అడిగితేనే ఇస్తారు! బయల్దేరిన కాసేపటికే సగంమంది ఫొటోల కోసం జాకెట్లు విప్పేశారు, వేసుకోండని చెప్పినవాళ్ళు లేరు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల బోటు మునిగినప్పుడు అందులో మన విశాఖ వాళ్ళు కూడా ఉన్నారు. ఈ ఊళ్ళో బోటు నడిపేవాళ్ళకి అది గుర్తుండొద్దా?

ఇంత చెప్పాక కూడా వెళ్ళమనే అంటాను, ఎందుకంటే బయట కనిపించేది అలాంటిది. బ్రేక్‌వాటర్ (హార్బర్‌లోకి అలలు రాకుండా కట్టిన రాళ్ళ గోడ) దాటేదాకా నీళ్ళు చెరువులా ఉంటాయి, దాటగానే అల కిందనుంచి ఎత్తుతుంది. కుడివైపు డాల్ఫిన్ నోస్ కొండ, మనం రోజూ బీచ్ రోడ్డు నుంచి చూసేదే, ఇక్కడ దాని రాళ్ళ మధ్య పగుళ్ళు, వాటిలోకి నురగ ఎక్కి దిగడం కూడా తెలుస్తాయి. రాత్రిళ్ళు ఆర్కే బీచ్ నుంచి దీపాలుగా కనిపించే ఓడలు పగలు ఇంతింత ఉంటాయని నాకు తెలీదు. లంగరేసిన ఓ ఖాళీ ఓడకి కిందుండే ఎర్ర రంగంతా పైకి తేలి ఉంది, దాని మీద లోతు కొలిచే తెల్లంకెలు, లంగరు గొలుసు దిగేచోట తుప్పు చారలు. ఒడ్డు మీద 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి ఇప్పుడు మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరీన్ చిన్న నల్లగీతలా కనిపిస్తే, అది మళ్ళీ నీళ్ళలోకి ఎప్పుడొస్తుందని చిన్నాడు ఒకటే ప్రశ్నలు.

డాల్ఫిన్లు చూపిస్తామన్న మాట నమ్మి వెళ్ళకండి, మాకు ఒక్కటీ కనిపించలేదు. సౌండ్ బాక్స్ కూడా దండగ, ఆ పాటల హోరులో సముద్రం చప్పుడే వినపడలేదు.

బోటు నడిపే సరంగు మాత్రం బంగారం లాంటి మనిషి. పిన్నికి కడుపులో తిప్పుతుంటే చూసి, "నీళ్ళకేసి సూడకండమ్మా, మద్దెలో కూకోండి, ఆ కొండకేసి సూడండి" అన్నాడు. బోటు మధ్యలో ఊపు తక్కువ, కదలని కొండ మీద చూపు నిలిపితే తల తిరగడం తగ్గుతుంది, కాసేపటికి ఆవిడ తేరుకుంది. నేవీ ఓడలవైపు ఫోన్లు తిప్పొద్దని కూడా అతనే అందరికీ చెప్పాడు. వెళ్తే పొద్దున ట్రిప్పుకే వెళ్ళండి, మధ్యాహ్నానికి సముద్రం గాలి పెరిగి అలలు ఎక్కువవుతాయి, వాంతులయ్యేవాళ్ళకి నరకం.

డబ్బు కట్టేముందు ఒకటి అడగండి. వాయుగుండం పట్టి పోర్టులో ప్రమాద సూచిక ఎగరేస్తే ట్రిప్ ఆపేస్తారు, ఆపాల్సిందే. కానీ వీళ్ళు డబ్బు తిరిగివ్వరట, ఇంకో రోజు రమ్మంటారు. పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఆ ఇంకో రోజు ఎక్కడుంటుంది? వాపసు ఇస్తామని రసీదు మీద రాసిచ్చేవాళ్ళ దగ్గరే టికెట్ తీసుకోండి.