‘అన్ని ఏటీవీలకూ సరిపోతుంది’ అన్న హిచ్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఏటీవీ (హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల చిన్న బండి) వెనక పరికరాలు లాగడానికి తగిలించే త్రీ పాయింట్ హిచ్ (కింద రెండు చేతులు, పైన ఒక లింకు ఉండే అమరిక) కిట్టు, దానికో చిన్న డిస్క్ హారో (గుండ్రటి పళ్లేలతో మట్టిని కోసే పరికరం) కలిపి సెట్టుగా కొన్నాను. మూడో రోజుకే రెండూ మూలన పడ్డాయి. డబ్బు సంగతి అటుంచితే, బండి వెనక్కి తిరగబడి నా మీద పడాల్సింది. అందుకే రాస్తున్నా.

నిజానికి బిగించేటప్పుడే అనుమానం రావాలి. నా బండికున్నది రెండంగుళాల రిసీవర్, అంటే హిచ్‌ను దూర్చే చదరపు గూడు. అందులోకి దూర్చిన గొట్టం వదులుగా ఉండి టకటకా కొట్టుకుంటోంది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, ‘కాస్త ఆట ఉండాలండీ, మలుపుల్లో హాయిగా ఉంటుంది’ అన్నాడు. నమ్మాను!

హిచ్ చేతులకు పరికరాన్ని కలిపే పిన్నుల కథ ఇంకో రకం. హిచ్ సైజుల్లో చిన్న పరికరాలకు వాడే కేటగిరీ 0లో పిన్ను 16 మి.మీ. ఉంటుంది. దాని పై సైజు కేటగిరీ 1లో కింది చేతులకు 22, పై లింకుకు 19. నాకొచ్చిన హిచ్ చేతులకు 22 రంధ్రాలు, హారోకేమో 16 పిన్నులు. ఒకే సెట్టని అమ్మిన సరుకు ఇది. మధ్యలో ఖాళీ నింపే బుష్ లేదు. రెండో రోజు సాయంత్రానికి ఆ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి.

అసలు ప్రమాదం మాత్రం పైనుంది. ఆ కిట్టులో పై లింకును వెనక క్యారియర్‌కు బిగించమన్నారు. క్యారియర్ సామాను మోయడానికి, లాగడానికి కాదు. లాగుడు ఇరుసు కంటే ఎత్తునుంచి పడితే, పరికరం నేలలో ఇరుక్కున్న క్షణంలో ముందు చక్రాలు లేస్తాయి. నాకు అదే జరిగింది. డిస్కులు ఒక వేరుకు తగులుకున్నాయి, నేను యాక్సిలరేటర్ వదల్లేదు, హ్యాండిల్ నా గుండెల మీదికి వచ్చింది. చెయ్యి దానంతటదే జారి ఇంజన్ జోరు తగ్గబట్టి బండి దబ్బున కింద పడింది. కాళ్లు వణుకుతూ దిగి చూస్తే క్యారియర్ వంగిపోయింది, బ్రాకెట్ వెల్డింగ్ పగిలింది. బోల్టుల తలల మీద వాటి బలాన్ని తెలిపే 8.8 లాంటి గుర్తేదీ లేదు, ఉత్త నున్నటి తలలు.

బెల్టు కాలిన వాసన కూడా వచ్చింది కానీ అది నా తప్పే. చాలా ఏటీవీల్లో మనం గేర్లు మార్చే పద్ధతికి బదులు సీవీటీ (దానంతటదే సర్దుకునే) రబ్బరు బెల్టు ఉంటుంది. బరువు లాగేటప్పుడు లో రేంజ్‌లోనే (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) నడపాలి. నేను హైలో నడిపాను.

వాపసు అడిగితే ‘ఓవర్‌లోడ్ చేశారు’ అన్నారు. లోడ్ ఎంతవరకో చెప్పమన్నాను. వాళ్ల కాగితంలో ఎంత బరువు పైకెత్తగలదో ఉంది, ఎంత లాగగలదో లేదు. ఎత్తడం వేరు, లాగడం వేరు కదా. బండి మాన్యువల్‌లో లాగే బరువు, హిచ్ మీద పడే బరువు విడివిడిగా ఇస్తారు. కొనకముందు నేను ఆ పేజీ తెరిచి చూసుంటే సరిపోయేది.

ఇంత గొడవలోనూ ‘రోటవేటర్ కూడా తగిలించుకోవచ్చు, చూడండి’ అని ఇంకోటి అంటగట్టబోయాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ట్రాక్టర్ రోటవేటర్ పీటీఓ షాఫ్టుతో (ఇంజన్ శక్తిని వెనక పరికరానికి అందించే తిరిగే కడ్డీ), సాధారణంగా 540 ఆర్‌పీఎం మీద తిరుగుతుంది. మామూలు ఏటీవీలకు పీటీఓ ఉండదు. సొంత ఇంజన్ ఉన్న రోటవేటర్ అయితేనే పనికొస్తుంది.

మీరు ఇలాంటిది కొనేటట్టయితే ముందు మూడు ఫొటోలు అడగండి. టేపు పెట్టి కొలిచిన పిన్ను, బోల్టు తల మీది గుర్తు, బండికి బిగించాక లాగే చోటు ఇరుసు కంటే కింద ఉందో పైన ఉందో తెలిసేలా పక్కనుంచి తీసినది. మొన్న ఇంకో పేరుతో అదే కిట్టు అమ్మకానికి కనిపిస్తే ఇవే అడిగాను. మొదటి ఫొటో వచ్చింది. రెండోది అడిగాక ఫోన్ ఎత్తడం లేదు.