కొవ్వాడలో అణు కేంద్రమా, ఇంకో బొగ్గు ప్లాంటా: ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లాలో అణు విద్యుత్ కేంద్రం కట్టాలనుకుంటున్న కొవ్వాడ పేరు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా నన్ను ఒకటే ప్రశ్న అడుగుతారు, ముఖ్యంగా రణస్థలం వైపు బంధువులున్నవాళ్లు: "ఆ అణు కేంద్రం టెన్షన్ మనకెందుకు, కరెంటే కావాలంటే బొగ్గు ప్లాంటు పెట్టుకోవచ్చు కదా?" యురేనియం కేంద్రకం చీలితే వేడి ఎలా పుడుతుందో స్కూల్లో చదువుకున్నదే, అందుకే దాని జోలికి పోను.

అసలు సిక్కోలులో (శ్రీకాకుళంలో) బొగ్గు కూడా తేలిగ్గా అడుగుపెట్టలేదు. 2010లో సోంపేట బీల అనే చిత్తడి నేలను కాపాడుకోవడానికి, 2011లో అలాంటిదే అయిన కాకరాపల్లి తంపర కోసం జనం ఎదురుతిరిగితే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. బొగ్గు సాధువనీ, అణువొక్కటే రాక్షసి అనీ ఆ ఊళ్లవాళ్లతో అని చూడండి.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే, చెత్త. కరెంటు తీశాక మిగిలింది ఎంత, ఎక్కడికి పోతుంది, ఎవరి ఇంటి పక్కన ఉంటుంది? వెయ్యి మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఏడాదికి సుమారు 45 లక్షల నుంచి 50 లక్షల టన్నుల బొగ్గు మండిస్తుంది. మన బొగ్గులో మూడో వంతు బూడిదే, అంటే ఏటా 15 లక్షల టన్నుల దాకా. కొంత సిమెంటుకూ ఇటుకలకూ పోతుంది, మిగతాది బూడిద చెరువుకి. అందులో ఆర్సెనిక్, సీసం, పాదరసం ఉంటాయి, కొద్దిపాటి యురేనియం, థోరియం కూడా ఉంటాయి. ఆరేసిన బట్టల మీద బూడిద పడటం అంటే ఏమిటో ఇబ్రహీంపట్నం, రామగుండం, పాల్వంచ వాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్. ఇదంతా ఏ ప్రమాదమూ లేకుండా, ప్లాంటు చక్కగా నడుస్తున్న రోజుల్లోనే.

అంతే కరెంటుకు అణు రియాక్టర్ నుంచి ఏడాదికి వచ్చే వాడేసిన ఇంధనం 20 నుంచి 30 టన్నులు. దాన్ని కొన్నేళ్లు నీళ్ల కొలనులో చల్లారుస్తారు, పనికొచ్చేది వేరు చేశాక మిగిలిన చెత్తను గాజులో కలిపి స్టీలు డబ్బాల్లో బిగించే పద్ధతి మన దేశంలో ఉంది. కానీ వాడేసిన ఇంధనంలోని ప్లుటోనియం సగానికి తగ్గడానికే 24 వేల ఏళ్లు పడుతుంది. ఫిన్లాండ్ వాళ్లు 400 మీటర్లకు పైగా లోతున రాతిని తొలిచి దానికి చోటు కట్టారు, మనకింకా అలాంటిది లేదు. అయినా ఎక్కడుందో తెలిసిన, లెక్కపెట్టగలిగిన చెత్త అది. గాలిలో కలిసిపోయినదాన్ని ఎవరు ఏరి తెస్తారు?

మరి ప్రమాదం జరిగితే? నా భయం కూడా అదే. 2011లో ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు ఆగిపోయాయి, కానీ ఆగాక కూడా ఇంధనంలో వేడి పుడుతూనే ఉంటుంది, దాన్ని చల్లార్చే పంపులను నడపాల్సిన డీజిల్ జనరేటర్లను సునామీ ముంచేసింది. కొవ్వాడ కూడా సముద్రపు ఒడ్డే. అక్కడ అనుకుంటున్న రియాక్టర్లు అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ వాళ్ల ఏపీ1000 రకం, ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు. కరెంటు పోయినా పైనున్న ట్యాంకు నీళ్లు వాటంతటవే కిందికి జారి 72 గంటలు చల్లబరిచేలా వాటిని తయారు చేశారు. అది నాకు కొంత ధైర్యం. కానీ ప్రమాదంలో బయటపడే సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఒకసారి నేలలో పడిందంటే ఇవాళ పుట్టిన బిడ్డకు ముప్పై ఏళ్లొచ్చినా అందులో సగం అలాగే ఉంటుంది. చెర్నోబిల్ చుట్టూ 30 కిలోమీటర్ల నేల 1986 నుంచి ఇప్పటికీ నిషిద్ధమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాకాలం ఆలోచించాను, రోజూ తప్పకుండా జరిగే హాని కంటే గట్టి కాపలాతో ఆపగలిగే హానే నయమనిపించింది. బొగ్గా అణువా అంటే నేను అణువే అంటాను.

సోలార్‌కి పగలు తిరుగులేదు, రాత్రికి మాత్రం పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజీలు (పగటి కరెంటుతో నీళ్లు పైకెక్కించి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసేవి) ఇంకా చాలా కావాలి. గ్యాస్ ప్లాంట్లు గ్యాస్ దొరక్కే మూలపడ్డాయి. ఖర్చు మాటకొస్తే అణువు ఓడిపోతుంది, అమెరికాలోని వోగ్టల్‌లో ఇవే రియాక్టర్లు రెండు అనుకున్నదానికంటే ఏడేళ్లు ఆలస్యంగా, 3,000 కోట్ల డాలర్లు దాటాక పూర్తయ్యాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను రాజీపడను. కడప జిల్లా తుమ్మలపల్లిలో యురేనియం గని వ్యర్థాల చెరువు పక్క రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కొవ్వాడకు ఆ ఖనిజం వాడకపోవచ్చు, కానీ ఆ గొడవ ఇక్కడ రాకూడదు. పునాది తవ్వకముందే చుట్టుపక్కల ప్రతి ఊళ్లో బావి నీళ్లు, చేపలు, మట్టి పరీక్షించి ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాయాలి. రేపు నీళ్లు మారాయో లేదో తేల్చాలంటే నిన్నటి అంకె ఊరివాళ్ల చేతిలో ఉండాలి కదా.