ఎర్రగుడి బండా, పాళీ పుస్తకమా? బౌద్ధం చదవాలంటే ఏది ముందు?

కర్నూలులో డిగ్రీలో హిస్టరీ చదివి, పీజీలో బౌద్ధం వైపు వెళ్లాలనుకునే పిల్లలకు మొదటి టెన్షన్ భాష దగ్గరే. బ్రాహ్మీ లిపిలో చెక్కిన ప్రాకృత శాసనాలా, తొలి బౌద్ధ గ్రంథాల భాష పాళీనా, సంస్కృతమా? మూడూ కావాలంటారు పెద్దలు. నిజమే, కానీ చేతిలో ఉన్నవి ఒక్క ఎండాకాలం సెలవులైతే?

నా ఓటు బండకే. పత్తికొండ నుంచి గుత్తి వెళ్లే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి 14 పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకే చోట ఉన్నాయి. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డాయి. చిన్న శాసనంలో చాలా వరుసలు మడక తిప్పినట్టు ఒకటి ఎడమ నుంచి కుడికి, తర్వాతది కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. అందులో అశోకుడు తన సంగతే చెప్పుకుంటాడు: ఉపాసకుడై రెండున్నరేళ్లు దాటిందట, మొదటి ఏడాది పెద్దగా పూనుకోలేదట, సంఘానికి దగ్గరయ్యాకే పట్టుదల వచ్చిందట. తరతరాల లేఖకుల చేతులు పడని మాట ఇది. పెద్ద శాసనాల్లో 13వది కళింగ యుద్ధం గురించి. ఆంధ్రుల పేరు కూడా అందులోనే కనిపిస్తుంది. తొలకరి పడితే వజ్రాల కోసం జొన్నగిరి చేలకు పరుగెత్తే జనంలో ఎంతమంది పక్కనే ఉన్న ఈ బండల వైపు తొంగిచూశారో!

అయితే బండ చెప్పేది కొంతే. నాలుగు ఆర్యసత్యాలు, నిర్వాణం ఎర్రగుడిలో వెతికినా దొరకవు. భిక్షువులు రోజూ ఎలా బతికారో తెలియాలంటే వాళ్ల నియమాల గ్రంథం వినయ పిటకం చదవాల్సిందే, అంటే పాళీ. శాసనాల ప్రాకృతం అలవాటైతే పాళీ సగం వచ్చినట్టే. వినయంతో సహా పాళీ బౌద్ధ గ్రంథాల సముదాయం త్రిపిటకం తెలుగు లిపిలోనే ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది కూడా. ఒక్క జాగ్రత్త: మనకు చేరిన పాళీ సంప్రదాయం సింహళంలోని (శ్రీలంక) మహావిహారం అనే మఠం కాపాడినది. మన ఆంధ్ర ప్రాంతపు బౌద్ధ శాఖలైన పూర్వశైల, అపరశైలలవాళ్లు, ఇతర శాఖల వాదాలను ఖండించే పాళీ గ్రంథం కథావత్థు వ్యాఖ్యానంలో ప్రత్యర్థులుగా కనిపిస్తారు. వాళ్ల గురించి ప్రత్యర్థుల మాట ఒక్కటే నమ్మలేం, నాగార్జునకొండ శాసనాలు కూడా చూడాలి. అంటే మళ్లీ బండ దగ్గరికే.

సంస్కృతం తత్వం మీద మనసున్నవాళ్లకు. నాగార్జునుడు రాసిన 27 ప్రకరణాల మూలమధ్యమక కారికలు చదవాలంటే అదే దారి. ఇంటర్‌లో మార్కుల కోసం తీసుకున్న సంస్కృతం మాత్రం ఇక్కడికి చాలదు. బౌద్ధ తర్కవేత్త దిఙ్నాగుడి దాకా వెళ్తే టిబెటన్ అనువాదాలు కూడా తప్పవు. ఇవన్నీ తర్వాతి మాట.

ఎర్రగుడికి పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే బండ మీద నిలబడలేరు. అచ్చు పాఠం చేతిలో ఉంచుకోండి. లైబ్రరీలో హుల్ట్‌ష్ అచ్చువేసిన అశోక శాసనాల సంపుటం ఇస్తే మాత్రం వెనక్కి ఇచ్చేయండి. అది 1925 నాటిది, అందులో ఎర్రగుడి ఉండదు. శాసన పరిశోధకుడు డి.సి. సర్కార్ ప్రచురించిన పాఠం అడగండి.