లీటరుకి రెండున్నర యూనిట్లు: ఎలక్ట్రిక్ కారు రన్నింగ్ ఖర్చు రివ్యూ

మా ఇంట్లో ఎలక్ట్రిక్ కారు, పెట్రోల్ కారు రెండూ నడుస్తున్నాయి, సైజు కూడా దాదాపు ఒకటే. అందుకే కనిపించిన ప్రతివాళ్లూ "నిజంగా అంత మిగులుతుందా?" అని అడుగుతుంటారు. మిగులుతుంది, బాగానే మిగులుతుంది, కాకపోతే రాత్రిపూట ఇంటి దగ్గరే ఛార్జింగ్ పెట్టుకునే వీలుండాలి. ఆ వీలు లేనివాళ్లు మాత్రం షోరూమ్‌కి వెళ్లేముందు ఈ లెక్క ఒక్కటి చూసుకోండి.

పెట్రోల్ కారు లీటరుకి 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 100 కిలోమీటర్లకి 6.7 లీటర్లు. ఎలక్ట్రిక్ కారు అదే దూరానికి బ్యాటరీలోంచి 15 యూనిట్లు వాడిందనుకోండి, మనం డబ్బు కట్టేది మీటరు చూపించినదానికి కదా, ఛార్జింగ్ అయ్యేటప్పుడు కొంత వేడిగా పోతుంది కాబట్టి 17 యూనిట్లు వేసుకోవాలి (డాష్‌బోర్డు మీది అంకె చూసి మురిసిపోయేవాళ్లు ఈ రెండు యూనిట్లని పట్టించుకోరు). 17ని 6.7తో భాగిస్తే సుమారు రెండున్నర. మీ దగ్గర యూనిట్ ధరని రెండున్నరతో హెచ్చవేసి లీటరు పెట్రోలు ధర పక్కన పెట్టండి. ఎంత మిగిలేదీ అక్కడే తేలిపోతుంది.

లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది, మరి రెండున్నర యూనిట్లతో అదే పని ఎలా అవుతుందంటే, ఇంజిన్ అందులో ఎక్కువ భాగాన్ని రేడియేటర్‌లోంచీ సైలెన్సర్‌లోంచీ వేడిగా వదిలేస్తుంది. మోటారులో ఆ దండగ చాలా తక్కువ.

ఇక అసలు చిక్కు బయట ఛార్జింగ్‌తో. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ ధర చాలాచోట్ల ఇంటి ధరకి రెండు మూడు రెట్లు ఉంటుంది. అది లీటరు పెట్రోలు ధరలో 40 శాతానికి చేరిందంటే ఇంధనం మీద మిగిలేది సున్నా, పైగా ఛార్జింగ్ అయ్యేదాకా కూర్చోవడం ఉండనే ఉంది. హైబ్రిడ్‌తో (పెట్రోల్ ఇంజిన్‌కి తోడు మోటారు కూడా ఉండే కారు) పోల్చినా లెక్క మారిపోతుంది, అది లీటరుకి 22 ఇస్తే లీటరు అంటే దాదాపు మూడుముప్పావు యూనిట్లు. అమ్మేవాళ్లు ఎప్పుడూ ఇంటి కరెంటు ధరతోనే పోలిక చూపిస్తారు, నాకు నచ్చనిది అదే.

ట్రాఫిక్‌లో మాత్రం ఎలక్ట్రిక్ కారుకి తిరుగులేదు. పెట్రోల్ కారు నిలబడి కూడా ఇంధనం తాగుతుంటుంది, ఇది ఆగినప్పుడు ఏసీకి తప్ప పెద్దగా ఏమీ తీసుకోదు, బ్రేక్ వేసినప్పుడల్లా కొంత శక్తి బ్యాటరీకి తిరిగొస్తుంది. హైవే మీద కథ తిరగబడుతుంది. బ్రేక్ వేసేదే తక్కువ, స్పీడు పెరిగేకొద్దీ గాలి అడ్డం పడుతుంది, 80లో పోయేటప్పటి వాడకానికీ 120లో వాడకానికీ చాలా తేడా. గట్టి చలి ఉంటే ఇంకా ఎక్కువ వాడుతుంది, పెట్రోల్ కారుకి హీటర్ ఇంజిన్ వేడితో ఫ్రీగా నడుస్తుంది, దీనికి ఆ వేడి కూడా బ్యాటరీయే ఇవ్వాలి.

సర్వీసింగ్ బిల్లు చూస్తే హాయిగా ఉంటుంది. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్ ఏవీ లేవు. ఏసీ ఫిల్టర్, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్, వైపర్లు ఉంటాయి, 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా చాలా కార్లలో ఉంటుంది, అది పోతే పెద్ద బ్యాటరీ నిండా ఛార్జ్ ఉన్నా కారు స్టార్ట్ కాదు. బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. టైర్లే తొందరగా అరుగుతాయి. బ్యాటరీ వల్ల బండి బరువెక్కువ, దానికి తోడు కాలు పెట్టగానే ఒక్కసారిగా లాగే మోటారు. సిగ్నల్ దగ్గర దూకుడుగా లాగించే అలవాటున్నవాళ్లు ఆయిల్ మీద మిగిల్చింది టైర్ల షాపులో ఇచ్చుకోవాల్సిందే. ఇన్సూరెన్స్ కూడా చాలాసార్లు పెట్రోల్ కారు కంటే ఎక్కువే అడుగుతారు, కొటేషన్ ముందే తీసుకోండి.

బ్యాటరీ మార్చాల్సొస్తే ఎలా అని అందరికీ టెన్షన్. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి, ఆలోపు కెపాసిటీ 70 శాతం కంటే కిందికి పడిపోతే బాధ్యత వాళ్లది, అయితే ఈ షరతులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి వారంటీ కాగితం చదవండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఓడోమీటర్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా బ్యాటరీ హెల్త్ రిపోర్టు కూడా అడగాలి.

చివరగా కొనే ధర. రెండు కార్ల ధరల తేడాని కిలోమీటరుకి మిగిలేదానితో భాగించండి, పెట్టిన అదనపు డబ్బు ఎన్ని కిలోమీటర్లకి తిరిగొస్తుందో తెలుస్తుంది. రోజూ చాలా దూరం తిరిగేవాళ్లకి అది తొందరగానే వచ్చేస్తుంది. వారాంతాల్లో మాత్రమే బండి తీసేవాళ్లు అంత పెద్ద అంకె చూశాక పెట్రోల్ కారు దగ్గరే ఆగిపోయినా నేను తప్పనను.