పిక్ లేకుండా వాయించేవాళ్లకు గవర్నర్‌పేటలో మంచి గిటార్ రిపేరు షాపు

"పిక్‌తో వాయిస్తారా, వేళ్లతోనా అండీ?" గిటార్ విప్పేముందు ఈ మాట అడిగిన రిపేరు మనిషిని నేను ఇప్పటిదాకా చూడలేదు. పిక్ అంటే తీగలు మీటే చిన్న బిళ్ల. షాపు విజయవాడ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు దగ్గర సందులో, మేడ మీద. బోర్డు లేదు, బండి పెట్టుకోవడానికి చోటు అంతకన్నా లేదు.

నేను వేళ్లతోనే వాయిస్తాను, దానికి కారణం బ్రిటిష్ గిటారిస్టు మార్క్ నాఫ్లర్. ఆయన ఎడమచేతి వాటం మనిషైనా గిటార్ అందరిలా కుడిచేతితోనే వాయిస్తారు. పత్రికలో విలేకరిగా, కాలేజీలో లెక్చరర్‌గా పనిచేసి 1977లో లండన్‌లో డైర్ స్ట్రెయిట్స్ బ్యాండ్ మొదలుపెట్టారు. 1985లో వచ్చిన 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' ఆల్బమ్ అందరికీ తెలిసిందే గానీ, నాకు ఆయన సినిమా సంగీతం ఇంకా దగ్గర. 1983లో 'లోకల్ హీరో' అనే స్కాట్లాండ్ కథకి మొదటిసారి సినిమా సంగీతం చేశారు. దాని చివర వచ్చే బాణీని న్యూకాజిల్ ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలోకి దిగేటప్పుడు ఇప్పటికీ వేస్తారు. బ్యాండులో పెద్ద పెద్ద సోలోలు వాయించిన ఆ వేళ్లే అక్కడ సీన్ కోసం ఆగుతాయి, నాలుగు స్వరాలు వేసి వదిలేస్తాయి. ఆ తగ్గడం నాకు ప్రాణం.

నా గిటార్ జబ్బు బయటపడింది కూడా ఆ బాణీతోనే. బెజవాడ ఎండలకి నెక్ (గిటార్ పొడుగాటి మెడ) వంగిపోయింది, అయినా స్పీడు పాటల్లో అది తెలియలేదు. ఇలాంటి నిదానమైన బాణీలో స్వరాన్ని సాగదీస్తే మాత్రం మూడో తీగ పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర గొంతు పట్టేసినట్టు ఆగిపోయేది. షాపులో వాయించి చూపించమన్నారు, ఒక్కసారి వినగానే పట్టేశారు. నెక్ లోపల ఉండే కడ్డీని (ట్రస్ రాడ్) కొంచెం తిప్పి రాత్రంతా అలా వదిలేసి, తర్వాత ఎత్తుగా ఉన్న ఫ్రెట్లు అరగదీశారు. తీగలు బాగా కిందికి దించమని నేనడిగితే ఒప్పుకోలేదు: వేలితో లాగితే తీగ పైకి లేచి మళ్లీ ఫ్రెట్ల మీద కొట్టుకుంటుంది, కాస్త ఎత్తు ఉండాల్సిందే అన్నారు. ఆయన మాటే కరెక్ట్. నాఫ్లర్ తొలిరోజుల టోన్ కోసం నేను తీగల శబ్దం పట్టే పికప్‌లలో బ్రిడ్జ్ (తీగలు బిగించే చోటు) దగ్గరిదాన్నీ మధ్యదాన్నీ కలిపి వాడతాను. ఆ స్థానానికి తిప్పగానే స్విచ్ గరగరలాడేది, అడక్కుండానే శుభ్రం చేసిపెట్టారు.

ఈ సర్దుబాటు (సెటప్) అంతటికీ 1,200 తీసుకున్నారు, తీగల డబ్బు వేరే. నచ్చనిది ఒక్కటే. రెండు రోజుల్లో ఇస్తామని ఐదు రోజులు తీసుకున్నారు, ఫోన్ చేస్తే ఎత్తలేదు, నాకు ఒకటే టెన్షన్. కచేరీ ఉంటే వారం ముందే ఇచ్చేయండి. తీగలు కూడా మీరే కొనుక్కెళ్లండి, వాళ్ల దగ్గర 10 సైజు మందం తప్ప ఉండవు.